ముందు మంచినీళ్ళు తాగండి

పోయినవారం కథ ఆపేటప్పుడు ఆ మనిషిని గాజుతలుపు బయట నిలబెట్టేసి ఎవరి దారిన వాళ్ళం పోయాం. పాపం, అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. తలుపుకి ఇవతల ఉన్నది అతని భార్య. యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో పాఠాలకు బొమ్మలు గీసి, వాటిని తెర తరవాత తెరగా కూర్చే డిజైనరు. ప్రొఫెసర్లు నోటితో చెప్పేదాన్ని పిల్లల కంటికి కనిపించేట్టు చెయ్యడం ఆమె పని. స్కూలంతా ఆమెను బొమ్మలమ్మ అంటారు. పెళ్ళయినప్పటినుంచీ ఒక్కసారైనా ఆమె ఆఫీసు గడప తొక్కని మొగుడు, పనివేళలో, మెడలో కంపెనీ కార్డు లేకుండా తలుపు బయట ప్రత్యక్షమయ్యాడు. గబగబా వెళ్ళి తలుపు తియ్యాల్సింది. దానికి ముందు ఒకసారి గోడ వంక చూసింది.

చూడకేం చేస్తుంది? గోడనిండా అతని మొహమే.

ఆ గోడ సంగతి కొంచెం చెప్పాలి. కొత్త పాఠం పేరు 'ఉద్యోగిని గౌరవంగా సాగనంపడం'. చెప్పేది వెన్నపూస ప్రొఫెసరు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు, ఆయన చేత కాదనిపించుకుని కూడా నవ్వుతూ బయటికి రానివాళ్ళు లేరు. కంపెనీలు తమ మేనేజర్లను ఈ పాఠం నేర్చుకు రమ్మని పంపిస్తాయి. పొమ్మనలేక పొగబెట్టడం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు మంచినీళ్ళిచ్చి పొమ్మంటారు. తెరమీద ఒక చిన్న గది, ఒక బల్ల, గ్లాసుడు నీళ్ళు, ఎదురుగా ఉద్యోగం పోబోయే మనిషి. ఆ మనిషి తల వంచుకుంటే ఒక దారి, ప్రశ్న అడిగితే రెండో దారి, కోపం తెచ్చుకుంటే మూడో దారి. ఏ దారిలో ఏ మాట అనాలో నేర్చుకునేవాళ్ళు బటన్ నొక్కి ఎంచుకుంటూ పోవాలి.

"అంగట్లో దొరికే నవ్వుమొహాల ఫొటోలు పెట్టకమ్మా, ఎవరూ నమ్మరు. నిజంగా బాధపడే మొహం కావాలి," అన్నాడు వెన్నపూస ప్రొఫెసరు. నిజంగా బాధపడే మొహం ఆమెకు ఇంట్లోనే ఉంది. ఎవరి ఫొటో వాడినా వాళ్ళచేత సంతకం పెట్టించుకోవాలని స్కూలు నియమం. గీసిన బొమ్మకు ఆ నియమం లేదు. కాబట్టి మొగుడు టీ తాగుతున్నప్పుడూ, కళ్ళజోడు తుడుచుకుంటున్నప్పుడూ, కరెంటు పోతే గుమ్మంలో కూర్చుని వీధిలోకి చూస్తున్నప్పుడూ గీసుకుని, ఆ బొమ్మలు గోడకు అంటించుకుంది, పాఠంలోకీ ఎక్కించింది. అతనికి చెప్పలేదు. చెబితే సిగ్గుపడి మొహం మార్చేస్తాడు, బొమ్మ పాడవుతుంది. అప్పుడు ఆమె అనుకున్నది అంతే.

తలుపు తీసింది. అతను లోపలికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, పెళ్ళిచూపుల్లో కూడా చూడనంత శ్రద్ధగా ఒక్కొక్క బొమ్మే చూసుకుంటూ నడిచాడు.

"ఇక్కడ ఇంకా చాలా ఉన్నానే," అన్నాడు.

"ఏమండీ, ఏమైంది? ఈ వేళప్పుడు వచ్చారేంటి?"

"ఉద్యోగం పోయింది." వాన పడుతోంది అన్నట్టే చెప్పాడు. "చిన్న గదిలోకి పిలిచారు. మేనేజర్ మేడమ్ ఒక్కతే ఉంది. కాగితాలు తెస్తానని మధ్యలో లేచి వెళ్ళింది. బల్లమీద ఆవిడ ట్యాబ్ తెరిచే ఉంది. చూద్దును కదా, అందులో నేనున్నాను."

బొమ్మలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"మొదట పోలికేమో అనుకున్నా. లోకంలో ఒకే మొహం ఏడుగురికి ఉంటుందంటారుగా. చెవులు నావే, సరే అనుకున్నా. బట్టతల ఎక్కడ మొదలవుతుందో అక్కడే మొదలైంది, సరే అనుకున్నా. కానీ ఈ కాలరు..." గోడమీది బొమ్మలో చొక్కా కాలరు ఎడమపక్క పైకి లేచి ఉంది. అతను దానిమీద వేలు పెట్టాడు. "రోజూ పొద్దున గుమ్మం దగ్గర దీన్ని కిందికి నొక్కి పంపించేది నువ్వొక్కదానివే. ఇది లేస్తుందని లోకంలో ఇంకెవరికి తెలుసు?"

ఆ లేచిన కాలరు గీసినప్పుడు ఆమె చాలా సంతోషపడింది. అది పడగానే బొమ్మకు ప్రాణం వచ్చింది. వెన్నపూస ప్రొఫెసరు కూడా ఆ బొమ్మ దగ్గరే ఆగి, "అబ్బ! ఈయన్ని పంపించాలంటే నాకే మనసొప్పట్లేదమ్మా," అన్నాడు. ఆ మెచ్చుకోలు ఇంటికి తెచ్చుకుని, మొగుడికి మరో రెండు ముద్దలు ఎక్కువ వడ్డించింది కూడా.

"మీరని తెలిసి ఎవరూ చెయ్యలేదండీ. మీ కంపెనీ మేడమ్ ఇక్కడికి నేర్చుకోడానికి వచ్చిందని నాకు తెలీదు. ఒట్టు."

"తెలీదనే అనుకున్నా. నేనొచ్చింది పోట్లాటకి కాదు." అతనికి పోట్లాడటం వస్తే కదా. నోట్లో నాలుక లేని మనిషి. సరుకు విరిగి చేతికొచ్చిందని తిట్టిపోసే కొనుగోలుదార్లకు ఓపిగ్గా జవాబులు చెప్పడమే అతని ఉద్యోగం. తిట్లు తినీ తినీ అతనికి తిట్టడం రాకుండా పోయింది. "ముందు ఒక్కటి తెలుసుకోవాలి. మేడమ్ మొదట ఏమందో నువ్వు చెప్పు."

"నేనెలా చెబుతానండీ, నేనక్కడ లేనుగా."

"చెప్పు."

ఆమె పెదాలు తడుపుకుంది. "ముందు మంచినీళ్ళు తాగండి."

"తరవాత?"

"మీరు ఈ కంపెనీకి చేసింది మేమెప్పుడూ మర్చిపోం."

"ఆ తరవాత కొంచెంసేపు కిటికీలోకి చూసింది."

"మూడు ఊపిరులు తీసుకునేంతసేపు," అంది బొమ్మలమ్మ. "తరవాత, 'ఇది మీ గురించి తీసుకున్న నిర్ణయం కాదు, మీ కుర్చీ గురించి తీసుకున్నది' అంటుంది."

"పొల్లు పోలేదు," అన్నాడతను. "మరి నేనేమన్నాను?"

ఆమె తల దించుకుంది.

"చెప్పు, ఆ మాట కూడా నువ్వే రాసుంటావు."

రాసింది నిజమే. మేనేజరు మాటలు ప్రొఫెసరువి. ఉద్యోగి ఏమంటాడో ఆయన రాసివ్వలేదు, ఆయనకు తట్టనే లేదు. 'అక్కడ నువ్వే ఏదో ఒకటి పెట్టమ్మా' అన్నాడు. ఆమె ఎంతో ఆలోచించలేదు. మొగుడే గుర్తొచ్చాడు.

"'అలాగేనండీ' అన్నారు," అంది. ఆ మాటతోపాటే కన్నీళ్ళు వచ్చేశాయి.

"అన్నాను. అనగానే ఆవిడ ఊపిరి పీల్చుకుంది. నేను తన పని తేలిక చేశానన్నట్టు నా వంక ఎంత ప్రేమగా చూసిందో! అప్పుడు నాకేం తెలుసు. ఆ ట్యాబ్ చూశాక అర్థమైంది, నేను ఏమంటానో నాకంటే ముందు ఆవిడకి తెలుసని." కళ్ళజోడు తీసి తుడుచుకోబోయాడు. గోడమీద సరిగ్గా అదే పని చేస్తున్న తనను చూసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

అది చూశాక బొమ్మలమ్మకు ఇక ఏ సంజాయిషీ మిగల్లేదు. సొంత కళ్ళజోడు తుడుచుకునే స్వేచ్ఛ కూడా మొగుడికి లేకుండా చేసింది.

"కాగితాలమీద సంతకం పెట్టేముందు మాత్రం ఒకటి అడిగాను," అన్నాడు. "రేపటినుంచి నా పని ఎవరు చేస్తారండీ అని. అంతే, ఇంకేం లేదు. రోజూ ఫోన్ చేసే ఒక ముసలాయన ఉన్నాడు, నాతో తప్ప మాట్లాడడు. ఆయన్నెవరికైనా అప్పజెప్పి పోదామని."

బొమ్మలమ్మ తలెత్తింది. అది రెండో దారి. "ఏం చెప్పింది?"

"అదే విచిత్రం. నా ప్రశ్న విన్లేదనుకుంటా. గ్లాసు నా వైపు జరిపి, 'ముందు మంచినీళ్ళు తాగండి' అంది. మళ్ళీ, కంపెనీకి నేను చేసింది మర్చిపోమంది. మళ్ళీ కిటికీలోకి చూసింది. మొత్తం మొదటినుంచి చెప్పుకొచ్చింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ నీళ్ళు. ఇక లాభం లేదని సంతకం పెట్టేశా. కడుపు నిండా నీళ్ళే."

బొమ్మలమ్మకు అందులో విచిత్రమేమీ కనిపించలేదు. సంగతేమిటంటే, పాఠం కూర్చేటప్పుడే ఆ ప్రశ్నకు జవాబు ఇమ్మని ఆమె ప్రొఫెసరును అడిగింది. 'నా పని ఎవరు చేస్తారు' అంటే మేనేజరు ఏమనాలి? ఆయన 'చూద్దాం' అన్నాడు. చూడలేదు. ఆమె ఆ బటన్‌ను దేనికీ కలపకుండా అలాగే వదిలేసి వేరే పనిలో పడింది. పాఠాలు కూర్చే ఆ యంత్రానికో గుణం ఉంది. ఎటు పోవాలో చెప్పని బటన్ నొక్కితే అది మొదటి తెరకే తీసుకుపోతుంది. పాఠం అలాగే బయటికి వెళ్ళింది. మేనేజర్లు ఆ బటన్ నొక్కారు, మొదటికి వచ్చారు, మళ్ళీ నొక్కారు, మళ్ళీ మొదటికి వచ్చారు. ఇదీ పాఠంలో భాగమే అనుకున్నారు.

"ఇంకోటి చెప్పాలి," అన్నాడతను. గోడకు రెండో చివర నిలబడి ఉన్నాడు. "ఈ మొహం ఎవరిదో కూడా నాకు తెలుసు."

అక్కడ కుర్చీ వెనక్కి నెట్టి లేస్తున్న కుర్రాడి బొమ్మ ఉంది. మెడ నరాలు పొంగి ఉన్నాయి, చూపుడువేలు ముందుకొచ్చింది. బొమ్మలమ్మ తమ్ముడు. వాడికి ముక్కుమీద కోపం. చిన్నప్పుడు కూరలో ఉప్పు తక్కువైందన్నా ఇలాగే పీట వెనక్కి తన్ని లేచేవాడు. మూడో దారికి మొహం కావాల్సి వచ్చినప్పుడు ఆమె ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు.

వాడు పనిచేసేది కూడా బావ కంపెనీలోనే. బావ పూచీమీదే చేరాడు.

"వాడి వంతు మధ్యాహ్నం," అన్నాడతను. "నేను బయటికొస్తుంటే మేడమ్ జాబితాలో వాడి పేరు కనిపించింది. నా కార్డు తీసేసుకున్నారు, మళ్ళీ లోపలికి పోలేను. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. అందుకే పరిగెత్తుకొచ్చా. నా సంగతి అయిపోయింది. కానీ ఈ బొమ్మ పక్కన ఇదెవరు, ఈ టోపీ ఆయన?"

"సెక్యూరిటీ గార్డు," అంది బొమ్మలమ్మ.

మూడో దారి చాలా పొట్టిది. మనిషి గొంతు పెంచినంతవరకు ఓర్చుకోవాలి. కుర్చీలోంచి లేచాడా, ఇక మాటలుండవు, గార్డును పిలిచే బటన్ నొక్కాలి. 'ప్రవర్తన సరిగా లేదు' అని రాసి బయటికి పంపాలి. ఆ రాత పడ్డవాణ్ణి మరో కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఇది దాని తాత. వాడు లేస్తాడని ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే గీసింది.

తమ్ముడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. సరిగ్గా అప్పుడే గాజుతలుపు మెత్తగా తెరుచుకుని వెన్నపూస ప్రొఫెసరు తల లోపలికి వచ్చింది. దాని వెనకే మిగతా మనిషీ వచ్చాడు.

"ఏమ్మా బొమ్మలమ్మా, చుట్టాలా?" అని అతని మొహం చూసి ఆగాడు. "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందండీ."

"రోజూ చూస్తూనే ఉంటారండీ," అన్నాడు మొగుడు, గోడ చూపిస్తూ.

ప్రొఫెసరు గోడ వంకా మనిషి వంకా నాలుగైదుసార్లు చూశాడు. మొహమాటంగా నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు మెచ్చుకోలుగా మారింది. "అచ్చు గుద్దినట్టు దింపావమ్మా!" అన్నాడు.

"సార్, ఒక తప్పు జరిగింది," అంది ఆమె. మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. "రెండో దారిలో ప్రశ్న బటన్ దేనికీ కలపలేదు సార్. అందుకే మళ్ళీ మొదటికి పోతోంది. అది పాఠం కాదు, నా పొరపాటు. మీ విద్యార్థులు దాన్ని నిజంగానే మనుషులమీద చేస్తున్నారు."

"పునరారంభ పద్ధతా? పొరపాటంటావేంటమ్మా! అందరికీ బాగా నచ్చింది అదే. ఎదుటివాడు అలిసిపోయేదాకా ఓర్పుగా మొదటినుంచీ చెప్పడం. నేను దానిమీద ఒక వ్యాసం కూడా రాస్తున్నాను."

తాడు అనుకున్నది పామైతే భయపడతాం. ఇక్కడ పాముకు పట్టెమంచం వేశారు. బొమ్మలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సార్, మా తమ్ముణ్ణి మధ్యాహ్నం పిలుస్తున్నారు. ఆ మేడమ్ మీ మాట వింటుంది. ఒక్క ఫోన్ చెయ్యండి. వాణ్ణి తియ్యొద్దని నేనడగట్లేదు. వాడు లేచి నిలబడితే గార్డును పిలవొద్దని చెప్పండి చాలు. వాడికి కోపమొస్తే లేస్తాడు, అంతే సార్. ఎవర్నీ ఏమీ అనడు. కాసేపటికి వాడే కూర్చుంటాడు. నేను వాడు లేవడం ఒక్కటే గీశాను, మళ్ళీ కూర్చోవడం గీయలేదు."

వెన్నపూస ప్రొఫెసరు చాలా బాధగా తలూపాడు. ఆయన బాధ నిజమే, అందులో అనుమానం లేదు. ఆమె బల్లమీది సీసా మూత తీశాడు. గ్లాసులో పోశాడు. ఆమె వైపు జరిపాడు.

"ముందు మంచినీళ్ళు తాగమ్మా," అన్నాడు. "ఈ స్కూలుకి నువ్వు చేసింది మేమెప్పుడూ మర్చిపోం."

అని, కిటికీలోకి చూశాడు.

మొగుడు చటుక్కున భార్య వంక చూశాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు. ఆయన ఫోన్ చెయ్యనని చెప్పడమేనా ఇది, లేక ఆమె కుర్చీ సంగతి కూడా చెప్పేస్తున్నాడా? అది తెలుసుకునే తీరిక ఆమెకు లేదు. చేతిలో ఫోన్ మోగింది.

"అక్కా, ఇన్నిసార్లు చేశావేంటి? బావెక్కడ? నన్ను లోపలికి పిలిచారు," అన్నాడు తమ్ముడు. వెనకాల ఎవరివో చెప్పుల చప్పుళ్ళు.

"ఒరేయ్, నా మాట విను. నువ్వు కుర్చీలోంచి..."

"నేను చెప్పేది విను ముందు. మధ్యాహ్నం కావాల్సింది, ఇప్పుడే రమ్మన్నారు. ఫోన్ ఆన్‌లోనే ఉంచి జేబులో పెట్టుకుంటున్నా. అన్నీ విను. రేపు మాట మారిస్తే నువ్వే సాక్ష్యం."

"లేవకురా! ఏమన్నా సరే లేవకు!"

"ఏంటి? లేటా? లేటేం కాలేదక్కా. సరే, మాట్లాడకు, నీ గొంతు బయటికి వినపడుతుంది. తగ్గించేస్తున్నా."

అంతే. ఆ తరవాత ఆమె ఎంత అరిచినా వాడికి వినపడలేదు. చొక్కా జేబు గుడ్డ రాసుకుంటున్న చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు. ఆమె ఫోన్‌ను బల్లమీద పెట్టి స్పీకర్ నొక్కింది. అది ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. ఒంటరిగా వినే ధైర్యం లేక అయివుంటుంది. మొగుడు పక్కకు వచ్చి నిలబడ్డాడు. ప్రొఫెసరు కూడా వెళ్ళలేదు. తన పాఠం ఎలా నడుస్తోందో వినే అవకాశం ఏ మాస్టరు వదులుకుంటాడు?

"కూర్చోండి," అంది ఆడగొంతు, చాలా దయగా. "ముందు మంచినీళ్ళు తాగండి."

ఒక్కొక్క మాటకూ బొమ్మలమ్మ పెదాలు వాటంతట అవే కదిలాయి. మీరు ఈ కంపెనీకి చేసింది. మూడు ఊపిరులు. మీ గురించి కాదు, మీ కుర్చీ గురించి.

"సరే మేడమ్," అన్నాడు తమ్ముడు. వాడి గొంతు ఇంకా అదుపులోనే ఉంది. "మరి పొద్దున మా బావని కూడా పిలిచారటగా. మా ఇద్దరి పనీ రేపటినుంచి ఎవరు చేస్తారు?"

"అడక్కురా," అంది బొమ్మలమ్మ మెల్లగా, వినపడదని తెలిసీ.

బల్లమీద గ్లాసు జరిగిన చప్పుడు. "ముందు మంచినీళ్ళు తాగండి."

"తాగాను మేడమ్. నేనడిగింది చెప్పండి."

"మీరు ఈ కంపెనీకి చేసింది మేమెప్పుడూ..."

"మేడమ్, నేనడిగింది ఎవరు చేస్తారని!"

ప్రొఫెసరు వేలెత్తి, అదిగో, ఇక్కడే ఓర్పు కావాలి అన్నట్టు ఊపాడు. మొగుడు ఆ వేలును తన చేత్తో పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. అతని జీవితంలో అంతటి మొరటుపని అదే.

"ముందు మంచినీళ్ళు..."

మాట పూర్తి కాలేదు. కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలిన చప్పుడు గదిలో ముగ్గురూ విన్నారు. తరవాత ఏమీ వినపడలేదు. అరుపు కోసం ఎదురుచూసిన బొమ్మలమ్మకు ఆ నిశ్శబ్దం అర్థం కాలేదు. తన పాఠంలో ఇక్కడ నిశ్శబ్దం లేదు.

జేబుగుడ్డ చప్పుడు. ఫోన్ బయటికి వచ్చింది. తమ్ముడి ఊపిరి చాలా దగ్గరగా వినిపించింది. అవతల ఎక్కడో తలుపు తెరుచుకుంటోంది, గార్డు కాబోలు.

"అక్కా," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు పిలిచాడు. "ఈవిడ ట్యాబ్‌లో నేనున్నానేంటే? ఇది నువ్వు గీసిందేనా?"

మొగుడు ఫోన్‌ను ఆమెకు దగ్గరగా జరిపాడు.